ఇస్రోకి బహిరంగ లేఖ: రెండో బ్యాచ్‌లో పైలట్లతో పాటు సైంటిస్టుల్ని, డాక్టర్లని, ఆడపిల్లల్ని కూడా తీసుకోండి

ఇస్రో ఛైర్మన్ గారికీ, బెంగళూరు మానవ అంతరిక్ష యాత్రల కేంద్రంలో పనిచేసే పెద్దలకీ, రేపు వ్యోమగాముల ఎంపిక కమిటీలో కూర్చోబోయే అందరికీ నమస్కారం.

నేను సూళ్లూరుపేట వైపు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, రాకెట్ లేస్తుందంటే క్లాసు ఆపేసి పిల్లల్ని డాబా మీదకి తీసుకెళ్ళడం మా దగ్గర మామూలే. మన మనుషుల్ని మన రాకెట్‌లోనే అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ వార్తలు మొదలైనప్పటి నుంచీ ఆ పిల్లలు అడిగేది ఒకటే, ముఖ్యంగా ఆడపిల్లలు, బైపీసీ పిల్లలు: "మేడం, ఎయిర్‌ఫోర్స్ పైలట్ అయితేనే పంపిస్తారా, డాక్టర్ని పంపరా?" దానికి జవాబు చెప్పాల్సింది మీరు, అందుకే మీకే రాస్తున్నా.

నేను అడగాలనుకున్నది ముందే అడిగేస్తా. వ్యోమగాముల రెండో బ్యాచ్‌కి దేశమంతటికీ తెలిసేలా నోటిఫికేషన్ ఇవ్వండి, అందులో టెస్ట్ పైలట్లతో (కొత్త విమానాల్ని మొదట నడిపి చూసేవాళ్ళతో) పాటు సైంటిస్టులకి, డాక్టర్లకి, ఇంజనీర్లకి వేరేగా సీట్లు పెట్టండి, ఆడవాళ్ళు నిజంగా అప్లై చేసుకోగలిగేలా అర్హతలు రాయండి, ఇంకో మాట, ఇది గగన్‌యాన్ మనుషులతో ఎగిరేదాకా ఆగి చేయాల్సిన పని కాదు, ఇప్పుడే చేయాల్సిన పని.

గగన్‌యాన్‌కి ఎంపికైన మొదటి నలుగురు పైలట్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా, 2024 ఫిబ్రవరి 27న తిరువనంతపురంలో ఆ నాలుగు పేర్లు చెప్పినప్పుడు మా స్టాఫ్ రూంలో అందరం చప్పట్లు కొట్టాం. ఎవరూ ఎప్పుడూ ఎక్కని కొత్త వాహనాన్ని మొదటిసారి ఎక్కేవాళ్ళు టెస్ట్ పైలట్లు కావడమే న్యాయం, అలారం మోగితే సెకన్లలో నిర్ణయం తీసుకోవడం వాళ్ళ వృత్తి. నాసా కూడా అదే చేసింది, మళ్ళీ మళ్ళీ వాడగలిగే తన అంతరిక్ష వాహనం స్పేస్ షటిల్ మొదటి నాలుగు ప్రయాణాలకీ ఇద్దరేసి పైలట్లనే పంపింది. కానీ ఆ మొదటి ప్రయాణం 1981 ఏప్రిల్ 12న అయితే, దానికి మూడేళ్ళ ముందే, 1978 జనవరి 16న, నాసా 35 మంది కొత్తవాళ్ళ పేర్లు ప్రకటించేసింది, అందులో పైలట్లు 15 మందే, మిగతా 20 మంది మిషన్ స్పెషలిస్టులు, అంటే నడపడానికి కాదు, పైకెళ్ళి పని చేయడానికి తీసుకున్న సైంటిస్టులు, డాక్టర్లు, ఇంజనీర్లు. ఈ 78 బ్యాచ్ కథ మీకు తెలియదని కాదు, నాకంటే బాగా తెలుసు, అయినా మన గగన్‌యాన్‌కి దాంతో ఉన్న సంబంధం ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు అనిపించింది.

అంతకుముందు నాసా ఏడు బ్యాచ్‌లు తీసుకుంది, అన్నిట్లోనూ తెల్ల మగవాళ్ళే. మొదట్లో మిలటరీ జెట్ టెస్ట్ పైలట్ అయి ఉండాలి అనే రూల్ ఉండేది, అసలు ఆడవాళ్ళని మిలటరీ టెస్ట్ పైలట్ స్కూల్‌లోకే రానివ్వని రోజులవి, కాబట్టి "ఆడవాళ్ళు వద్దు" అని ఎక్కడా రాయకుండానే వాళ్ళు బయట ఉండిపోయారు. 1976 జులైలో కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఈ లెక్క మారింది. మిషన్ స్పెషలిస్టుకి సైన్స్, ఇంజనీరింగ్ లేదా గణితంలో డిగ్రీ, ఆ రంగంలో అనుభవం ఉంటే చాలన్నారు, కళ్ళద్దాలున్నా పర్లేదు, వాటితో చూపు సరిగ్గా ఉంటే చాలన్నారు. నోటిఫికేషన్ గెజిట్‌లో వేసి ఊరుకోలేదు కూడా. నిషెల్ నికోల్స్ అనే నల్లజాతి టీవీ నటిని పిలిచి, మీరు వెళ్ళి ఆడవాళ్ళకి, నల్లవాళ్ళకి చెప్పండి, ఇది మీకు కూడా అని చెప్పండి అన్నారు, ఆమె అమెరికా అంతా తిరిగింది. శాలీ రైడ్ అప్పుడు స్టాన్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ పిహెచ్‌డి చేస్తోంది, ఆమెకి ఈ సంగతి తెలిసింది యూనివర్సిటీ స్టూడెంట్ల పేపర్‌లో చూసి. స్టూడెంట్ల పేపర్ అండి! ఆ పేపర్ దాకా వార్త వెళ్ళకపోయి ఉంటే ఆమె ఏ యూనివర్సిటీలోనో పాఠాలు చెప్పుకుంటూ ఉండేదేమో.

మొత్తం 8,079 అప్లికేషన్లు వచ్చాయి, 208 మందిని హ్యూస్టన్‌కి పిలిచి ఇంటర్వ్యూలు, మెడికల్ టెస్టులు చేశారు, 35 మందిని తీసుకున్నారు. ఆరుగురు ఆడవాళ్ళు: శాలీ రైడ్, జుడిత్ రెస్నిక్, క్యాథరిన్ సల్లివన్, ఆనా ఫిషర్, రే సెడన్, షానన్ లూసిడ్. ముగ్గురు నల్లజాతి వాళ్ళు: గయన్ బ్లూఫర్డ్, రాన్ మెక్‌నెయిర్, ఫ్రెడ్ గ్రెగరీ. హవాయికి చెందిన ఎలిసన్ ఒనిజుకా, ఆసియా మూలాలున్న మొదటి అమెరికన్ వ్యోమగామి. ఆ 35 మందీ, ఒక్కరు కూడా మిగిలిపోకుండా, అంతరిక్షానికి వెళ్ళొచ్చారు.

ఇక్కడ మనకి సంబంధించిన విషయం ఒకటుంది, మా పిల్లలకి చెప్తే నమ్మలేదు. 1983 ఆగస్టు 30, ఫ్లోరిడాలో తెల్లవారుజామున రెండున్నర, ఉరుములు మెరుపులు, వాన, దానివల్ల కౌంట్‌డౌన్ 17 నిమిషాలు లేటు, ఆ చీకట్లో ఛాలెంజర్ అనే షటిల్ లేచింది. షటిల్ రాత్రిపూట లేవడం అదే మొదటిసారి. రాత్రే ఎందుకు లేవాల్సొచ్చిందంటే అందులో ఉన్న సరుకు మనది, ఇన్‌శాట్-1బి శాటిలైట్, దాన్ని సరైన చోట వదలాలంటే ఆ టైముకే బయల్దేరాలి. ఆ షటిల్‌లో ఉన్న ఐదుగురిలో ముగ్గురు 78 బ్యాచ్ వాళ్ళు: పైలట్ డాన్ బ్రాండెన్‌స్టైన్, డేల్ గార్డ్‌నర్, గయన్ బ్లూఫర్డ్. అమెరికా నుంచి అంతరిక్షానికి వెళ్ళిన మొదటి నల్లజాతి మనిషి బ్లూఫర్డ్, ఆ మొదటి ప్రయాణంలో ఆయన చేసిన ముఖ్యమైన పని మన శాటిలైట్‌ని క్షేమంగా బయటికి పంపడం. తర్వాత దాని సోలార్ ప్యానెల్ తెరుచుకోక కర్ణాటకలో హాసన్ కంట్రోల్ కేంద్రంలో మీవాళ్ళు రోజుల తరబడి కుస్తీ పట్టి సెప్టెంబర్‌లో తెరిపించారు. అంతకుముందు ఏడాది వెళ్ళిన ఇన్‌శాట్-1ఎ కొన్ని నెలలకే పోయింది కాబట్టి, ఇది కూడా పోయి ఉంటే ఏమయ్యేదో మీకే తెలుసు.

మా వైపు వాళ్ళకి ఇన్‌శాట్-1బి అంటే టీవీ ఒక్కటే కాదు. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు పైనుంచి మేఘాల్ని చూస్తూ ఉండే మన శాటిలైట్ అంటూ ఏదీ లేదు, సముద్రం ఊళ్ళ మీద పడేదాకా చాలామందికి తెలియలేదు, పది వేలకి పైగా మనుషులు పోయారు. 1990 మేలో మళ్ళీ అంత పెద్ద తుఫాను మన తీరాన్ని కొట్టినప్పుడు ముందే హెచ్చరికలు అందాయి, లక్షకి పైగా జనాన్ని ముందే తరలించగలిగారు, అప్పుడు కూడా ప్రాణాలు పోయాయి, కానీ దివిసీమతో పోల్చే లెక్క కాదు. ఆ మధ్య పదమూడేళ్ళలో రేడియోలు, షెల్టర్లు, కలెక్టర్ల పని చాలా ఉంది, వాటితో పాటు పైనుంచి మేఘాల ఫొటోలు పంపుతూ ఇన్‌శాట్-1బి కూడా ఉంది. అంటే 1976లో నాసా తలుపులు ఇంకా వెడల్పుగా తెరిచినందువల్ల లోపలికి వచ్చిన ఒక బ్యాచ్, మన తీరంలో జనం బతకడానికి పనికొచ్చిన శాటిలైట్‌ని పైన వదిలింది. బ్లూఫర్డ్ ఎయిర్‌ఫోర్స్ పైలటే, నిజమే, కానీ ఆయన టెస్ట్ పైలట్ కాదు, ఏరోస్పేస్ ఇంజనీరింగ్‌లో పిహెచ్‌డి చేసి మిషన్ స్పెషలిస్టుగా వచ్చినాయన. మొదట్లో ఉన్న టెస్ట్ పైలట్ రూల్ ప్రకారం ఆయనకి సీటే లేదు.

సైంటిస్టు వెళ్తే ఏం చేస్తాడు, పైలటే ఆ ప్రయోగాలు కూడా చేసేస్తాడు కదా అని ఒక వాదన వింటుంటా. 1985 ఏప్రిల్ సంగతి చెప్తా. డిస్కవరీ అనే షటిల్ నుంచి సింకామ్ అనే శాటిలైట్‌ని బయటికి వదిలారు, అది తనంతట తాను ఆన్ అవ్వాలి, అవ్వలేదు. పక్కనున్న ఒక చిన్న లీవర్ సరిగ్గా లేవలేదేమో, దాన్ని లాగితే పనిచేస్తుందేమో అని కింద వాళ్ళ అనుమానం. పైన ఆ పనికి తగ్గ పరికరం ఏదీ లేదు. అప్పుడు లోపల ఉన్న వస్తువులతోనే, ప్లాస్టిక్ కవర్లు కోసి, కట్టి, కుట్టి, ఈగలు కొట్టే బ్యాట్ లాంటిది తయారు చేశారు, ఆ కోతలో కుట్టులో చేయి పెట్టింది రే సెడన్, ఆమె టెన్నెసీ నుంచి వచ్చిన సర్జన్. ఖగోళ శాస్త్రవేత్త జెఫ్ హాఫ్‌మన్, నేవీ టెస్ట్ పైలట్ డేవిడ్ గ్రిగ్స్ బయటికి వెళ్ళి దాన్ని షటిల్‌కి ఉన్న రోబో చెయ్యికి కట్టొచ్చారు, షటిల్ చరిత్రలో ముందు ప్లాన్ లేకుండా చేసిన మొదటి స్పేస్‌వాక్ అదే. ఆ చెయ్యిని నడిపి లీవర్‌కి తగిలించింది మళ్ళీ సెడనే. శాటిలైట్ అప్పటికీ మేల్కోలేదు, లోపం లీవర్‌లో కాదని తేలింది, అలా తేలడమే పెద్ద పని. ఆగస్టులో ఇంకో టీం వెళ్ళింది, అందులో అదే బ్యాచ్‌కి చెందిన జేమ్స్ వాన్ హాఫ్టెన్, హైడ్రాలిక్ ఇంజనీరింగ్‌లో పిహెచ్‌డి చేసిన మనిషి, దాని వైరింగ్ సరిచేశాక ఆ దాదాపు ఏడు టన్నుల శాటిలైట్‌ని తన చేత్తో తిప్పి వదిలాడు. అది పనిచేసింది. ఒక సర్జన్, ఒక ఖగోళ శాస్త్రవేత్త, ఒక నేవీ టెస్ట్ పైలట్, ఒక హైడ్రాలిక్స్ ఇంజనీరు, ఇంతమంది కలిస్తే అయిన పని అది, నలుగురూ ఒకే బ్యాచ్ కావడం నాకు చాలా ఇష్టమైన విషయం.

1984 ఫిబ్రవరిలో రెండు శాటిలైట్లు, ఇండోనేషియా వాళ్ళ పాలపా, అమెరికా వాళ్ళ వెస్టార్, షటిల్ నుంచి వదిలాక వాటి సొంత మోటార్లు ఫెయిలై తప్పుడు కక్ష్యలో ఉండిపోయాయి. నవంబర్‌లో రిక్ హాక్ కమాండర్‌గా ఒక టీం వెళ్ళి రెండిటినీ పట్టుకుని వెనక్కి భూమికి తీసుకొచ్చేసింది. అందులో రోబో చెయ్యి నడిపిన ఆనా ఫిషర్ ఎమర్జెన్సీ డాక్టర్, ఇంట్లో ఏడాదిన్నర కూడా నిండని పాప, అంతరిక్షానికి వెళ్ళిన మొదటి తల్లి ఆమె. మా కాలేజీలో ఆడపిల్లలకి ఈ ఒక్క ముక్క చెప్పినప్పుడు క్లాసు ఎలా నిశ్శబ్దమైపోయిందో మీరు చూడాల్సింది.

జెఫ్ హాఫ్‌మన్ గురించి ఇంకో మాట. హబుల్ టెలిస్కోప్‌ని 1990 ఏప్రిల్‌లో పైకి తీసుకెళ్ళిన వాళ్ళలో జియాలజిస్ట్ క్యాథరిన్ సల్లివన్ ఉంది, రోబో చెయ్యితో దాన్ని బయట పెట్టింది ఖగోళ శాస్త్రవేత్త స్టీవ్ హాలీ. తీరా చూస్తే అద్దంలో తప్పు, ఫొటోలు మసక. 1993 డిసెంబర్‌లో దాన్ని బాగుచేయడానికి వెళ్ళిన టీంకి కమాండర్ డిక్ కవీ, స్పేస్‌వాక్‌లు చేసినవాళ్ళలో ఒకడు హాఫ్‌మన్. జీవితమంతా నక్షత్రాల్ని చదువుకున్న మనిషి తన చేతులతో టెలిస్కోప్‌లో కొత్త కెమెరా బిగించాడు. ఈ రోజు మన పాఠ్యపుస్తకాల్లో, ఫోన్ల వాల్‌పేపర్లలో కనిపించే హబుల్ ఫొటోలు ఆ రిపేర్ వల్ల వచ్చినవే. ఆ స్టీవ్ హాలీయే 1999 జులైలో చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీని తీసుకెళ్ళిన షటిల్‌లోనూ ఉన్నాడు, మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న అబ్జర్వేటరీ అది. 1978లో చేరిన మనిషి ఇరవయ్యొక్క ఏళ్ళ తర్వాత కూడా పైకెళ్ళి పనిచేస్తున్నాడంటే, ఒక బ్యాచ్ మీద పెట్టిన డబ్బు ఎన్నేళ్ళు పనికొస్తుందో లెక్క వేసుకోండి.

షానన్ లూసిడ్ బయోకెమిస్ట్, ముగ్గురు పిల్లల తల్లి. 1996లో రష్యా వాళ్ళ మిర్ స్టేషన్‌కి వెళ్ళి మొత్తం 188 రోజులు అంతరిక్షంలో ఉంది. ఆమెకంటే ముందు ఏడాది మిర్‌లో ఉన్న నార్మ్ థాగర్డ్ డాక్టర్, రష్యా రాకెట్ ఎక్కిన మొదటి అమెరికన్. మిర్‌లో నెలలకొద్దీ ఉండే పని మొదలయ్యాక అమెరికా ముందు పంపినవాళ్ళు ఒక డాక్టర్, ఒక బయోకెమిస్ట్ అని గమనించండి. మీరు 2035కి భారతీయ అంతరిక్ష స్టేషన్ కడతామంటున్నారు, 2040కి చంద్రుడి మీద మనిషి అంటున్నారు. ఆ స్టేషన్‌లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే చూసేదెవరు, మొక్కలు, ఎముకలు, కండరాల మీద ప్రయోగాలు చేసేదెవరు, పాడైన పంపు విప్పి బిగించేదెవరు? శుభాంశు శుక్లా గారు 2025 జూన్ 25న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరి జులై 15న తిరిగొచ్చే దాకా పెసలు, మెంతులు మొలకెత్తించడం దగ్గర నుంచి కండరాల కణాల దాకా మన ల్యాబుల ప్రయోగాలు ఎంతో శ్రద్ధగా చేశారు, ఆయనకి దండం పెట్టాలి. ఇంకోసారి వెళ్ళేటప్పుడు ఆ ప్రయోగాన్ని పదేళ్ళుగా ల్యాబ్‌లో తన చేతులతో చేస్తున్న మనిషి ఆయన పక్క సీట్లో ఉండాలని నా కోరిక.

ఇప్పుడే ఎందుకు అంటే, 78 బ్యాచ్‌లో మొదటివాళ్ళు పైకెళ్ళింది 1983 జూన్ 18న, శాలీ రైడ్, రిక్ హాక్, జాన్ ఫేబియన్, నార్మ్ థాగర్డ్. చేరిన అయిదేళ్ళకి. మిగతావాళ్ళు 1985 ఆగస్టుకల్లా. ఆ అయిదేళ్ళూ వాళ్ళు ఊరికే కూర్చోలేదు. రైడ్ రోబో చెయ్యి తయారీలో పనిచేసింది, రెండో, మూడో షటిల్ ప్రయాణాలప్పుడు హ్యూస్టన్ నుంచి పైనున్న వాళ్ళతో మాట్లాడే బాధ్యత ఆమెది. డాక్టర్లు రెస్క్యూ హెలికాప్టర్లలో డ్యూటీ చేశారు. ఇంకొందరు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో. అంటే వాహనం తయారవుతున్నప్పుడే దాన్ని వాడబోయే డాక్టరు, ఇంజనీరు, పొట్టి మనిషి, పొడుగు మనిషి, ఆడమనిషి అందరూ అక్కడే ఉన్నారు, సూట్ సరిపోవట్లేదు, ఈ స్విచ్ అందట్లేదు, ఈ టాయిలెట్ ఇలా ఉంటే కుదరదు అని ముందే చెప్పగలిగారు. మన క్రూ మాడ్యూల్, మన సూట్లు, మన స్టేషన్ నమూనా అన్నీ ఇప్పుడే తయారవుతున్నాయి కదా, అవి పూర్తయ్యాక మనుషుల్ని వెతికితే మళ్ళీ మొదటి నుంచి మార్చాలి. దరఖాస్తులు పిలిచి, వడపోసి, ట్రైనింగ్ ఇచ్చేసరికి మనకీ అయిదారేళ్ళు పడుతుంది.

ఆడపిల్లల విషయం విడిగా రాస్తా, దయచేసి దీన్ని మర్యాద కోసం ఒక ఆడమనిషిని పెట్టండి అన్నట్టు చదవొద్దు. మన ఎయిర్‌ఫోర్స్‌లో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా చేరింది 2016 జూన్‌లో. మీ మొదటి బ్యాచ్ ఎంపిక 2019లో. మూడేళ్ళలో ఎవరూ టెస్ట్ పైలట్ స్థాయి అనుభవం తెచ్చుకోలేరు, కాబట్టి ఆ నలుగురిలో ఆడమనిషి ఉండే వీలే లేకుండా పోయింది. అమెరికాలో కూడా సరిగ్గా ఇదే జరిగింది, అక్కడ టెస్ట్ పైలట్ స్కూల్ నుంచి వచ్చి షటిల్ నడిపిన మొదటి మహిళ ఐలీన్ కాలిన్స్, ఆమె మొదటి ప్రయాణం 1995లో. శాలీ రైడ్ మాత్రం సైంటిస్టుగా 1983లోనే వెళ్ళింది. సైంటిస్టుల దారి తెరిచినందువల్ల పన్నెండేళ్ళు ముందు! రైడ్ వెళ్ళేముందు విలేఖర్లు ఆమెని సిమ్యులేటర్‌లో తప్పు జరిగితే ఏడుస్తావా అని అడిగారట, ఆమె ఓపిగ్గా పక్కనున్న మగవాళ్ళని ఎందుకు అడగరు అన్నట్టు నవ్వి వదిలేసింది. వెళ్ళి ఫేబియన్‌తో కలిసి రోబో చెయ్యితో ఒక శాటిలైట్‌ని బయట పెట్టి మళ్ళీ పట్టుకుని చూపించింది. మీరు ముందు పంపబోయే రోబో వ్యోమమిత్రకి ఆడరూపం ఇచ్చారు, మా పిల్లలకి ఆ బొమ్మంటే చాలా ఇష్టం. ఆమె కూర్చున్న సీట్లో తర్వాత కూర్చోబోయే అమ్మాయి ఎవరో వాళ్ళకి తెలియాలి కదండి.

ప్రమాదం మాట ఎత్తకుండా ఈ బ్యాచ్ గురించి రాస్తే అన్యాయం అవుతుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్‌లో పోయిన ఏడుగురిలో నలుగురు ఈ 78 బ్యాచ్ వాళ్ళే: డిక్ స్కోబీ, జుడిత్ రెస్నిక్, రాన్ మెక్‌నెయిర్, ఎలిసన్ ఒనిజుకా. లేచిన 73 సెకన్లకి షటిల్ ముక్కలైపోయింది. స్కోబీ ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ మెకానిక్‌గా చేరి, రాత్రి కాలేజీలో చదువుకుని, పైలటై, కమాండర్ అయిన మనిషి. మెక్‌నెయిర్ సౌత్ కరోలినాలో లేక్ సిటీ అనే చిన్న ఊరివాడు, తొమ్మిదేళ్ళప్పుడు లైబ్రరీలో పుస్తకాలు తీసుకోబోతే నల్లవాళ్ళకి ఇవ్వం అన్నారు, పుస్తకాలు ఇచ్చేదాకా కదలనని అక్కడే కూర్చుంటే పోలీసుల్ని పిలిచారు, చివరికి ఇచ్చారు. తర్వాత ఎంఐటీలో లేజర్ ఫిజిక్స్‌లో పిహెచ్‌డి చేశాడు. ఇప్పుడు ఆ లైబ్రరీ బిల్డింగే ఆయన పేరుతో మ్యూజియం. నేను లేజర్ పాఠం చెప్పే ప్రతి ఏడూ ఆయన గురించి చెప్తా.

చలికి గట్టిపడిన రబ్బరు సీలు గురించి ఇంజనీర్లు ముందురోజు రాత్రే హెచ్చరించినా పై వాళ్ళు వినలేదని విచారణలో తేలింది. ఆ విచారణ కమిషన్‌లో శాలీ రైడ్ ఉంది, చలిలో ఆ సీలు ఎలా ప్రవర్తిస్తుందో చూపే టెస్ట్ లెక్కల కాగితాన్ని ఆమె చప్పుడు చేయకుండా తోటి సభ్యుడు జనరల్ కుటినా చేతికి ఇచ్చిందని ఆమె పోయాక ఆయనే చెప్పాడు. తన స్నేహితులు నలుగురు పోయిన ప్రమాదం, ఆ కాగితం అర్థమయ్యేంత ఫిజిక్స్ ఆమెకి వచ్చు, అది ఎంత బరువైన కాగితమో కూడా ఆమెకి తెలుసు. వ్యోమగాముల్లో రకరకాల చదువులవాళ్ళు ఉంటే భద్రతకి మంచిదే గానీ చెడు కాదని నేను నమ్మడానికి ఇదొక కారణం.

ఆ ప్రమాదంలో మనం కూడా ఒకటి పోగొట్టుకున్నాం, దాని గురించి మన దగ్గర చాలా తక్కువమందికి తెలుసు. 1985లో మీరే, అంటే ఇస్రోయే, షటిల్‌లో ఇన్‌శాట్-1సితో పాటు వెళ్ళడానికి ఇద్దర్ని ఎంపిక చేశారు, ఎన్.సి. భట్ గారు, పి. రాధాకృష్ణన్ గారు. ఇద్దరూ పైలట్లు కాదు, ఇస్రో ఇంజనీర్లు. 1986లోనే వెళ్ళాల్సింది. ఛాలెంజర్ తర్వాత ఆ ప్రయాణం రద్దయింది, ఇన్‌శాట్-1సి 1988లో యూరప్ వాళ్ళ ఏరియాన్ రాకెట్ మీద వెళ్ళింది, మన ఇద్దరూ నేల మీదే ఉండిపోయారు. కాబట్టి నేను కొత్తదేమీ అడగట్లేదు, నలభై ఏళ్ళ కింద మీ సంస్థే సరైన దారి పట్టింది, అక్కడ ఆగిపోయిన దాన్ని మళ్ళీ మొదలుపెట్టమంటున్నా.

గగన్‌యాన్‌లో మూడే సీట్లు, మూడే రోజులు, ఇందులో సైంటిస్టుకి చోటెక్కడ అంటారేమో. మొదటి ప్రయాణాల్లో వద్దు, ఒప్పుకున్నా. నాలుగోదో ఐదోదో నుంచి ముగ్గురిలో ఒకరు, స్టేషన్ మొదలయ్యాక సగం మంది. నాసా కూడా పైలట్లని తీసేయలేదు, ఆ 35 మందిలో 15 మంది వాళ్ళే, హాక్, కవీ లాంటి కమాండర్లు లేకపోతే పైన చెప్పిన పనుల్లో కొన్ని జరిగేవి కావు. డబ్బు గురించి అంటే, పది మందిని ట్రైనింగ్‌లో ఉంచే ఖర్చు స్టేషన్ ఖర్చు ముందు ఎంత?

నోటిఫికేషన్ ఇచ్చేటప్పుడు ఇంకో మూడు నాలుగు విషయాలు చూడండి. వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ పెట్టి వదిలేయొద్దు, అన్ని భాషల పేపర్లలో, యూనివర్సిటీల్లో, మెడికల్ కాలేజీల్లో వేయండి, అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో పీహెచ్‌సీలో పనిచేసే డాక్టరమ్మకి కూడా తెలియాలి. ఎన్ని అప్లికేషన్లు వచ్చాయి, అందులో ఆడవాళ్ళెంతమంది, ఎంతమందిని పిలిచారు అనే లెక్కలు బయటపెట్టండి, 78లో పెట్టారు కాబట్టే ఈ రోజు నేను ఆ 8,079, 208 అనే అంకెలు మీకు రాయగలిగా. ఎత్తు, చూపు లాంటి రూల్స్ మన జనం కొలతల్ని బట్టి రాయండి, పొట్టిగా ఉన్న అమ్మాయి సీటుకి సరిపోకపోతే సీటు మార్చే టైము ఇంకా ఉంది. ఎంపికైన వాళ్ళని నాలుగేళ్ళు దాచిపెట్టొద్దు, మొదటి బ్యాచ్ పేర్లు మాకు ట్రైనింగ్ చాలావరకు అయిపోయాక తెలిశాయి, ఈసారి మొదటి రోజే చెప్పండి, వాళ్ళు కాలేజీలకి రావాలి, పిల్లలతో మాట్లాడాలి. మా కాలేజీ షార్‌కి ఎంత దగ్గరంటే వాళ్ళు పని మీద వచ్చినప్పుడు ఒక్క గంట ఆగితే చాలు.

అన్నిటికంటే ముందు ఒక తేదీ చెప్పండి. ఫలానా నెలలో నోటిఫికేషన్ వస్తుంది అని ఒక్క వాక్యం చాలు. ఈ ఏడాది మా సెకండియర్ బైపీసీలో ఉన్న ఆడపిల్లలు ఎంబీబీఎస్ చేసి, పీజీ చేసి, అనుభవం తెచ్చుకునేసరికి 2035 దగ్గరపడుతుంది, మీ స్టేషన్ టైముకి సరిగ్గా సరిపోతారు. నోటిఫికేషన్ రాగానే ప్రింట్ తీసి మా నోటీసు బోర్డు మీద నేనే అతికిస్తా, తెలుగులో కూడా ఇస్తే ఇంకా సంతోషం.

ఇట్లు,
సూళ్లూరుపేట దగ్గర ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్